ప్రతి రక్తపు చుక్కా మొలలు కాదు

‘‘మొలలకు క్యాన్సర్ ఎలా వస్తుంది సార్?’’

కిందటేడాది మా ఓపీలో ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్న ఇది. పక్కనే ఆమె భర్త తలవంచుకుని కూర్చున్నారు. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. వయసు 36. చేతిలో మూడు సంచుల కాగితాలు. మలంలో రక్తం, జిగురు పడటం మొదలై అప్పటికి పదేళ్లు. మొదట్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు కనిపించి, దానంతటదే తగ్గిపోయేది. తర్వాత రోజుకు ఏడెనిమిది సార్లు బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వచ్చేది. క్లాసు మధ్యలో బయటకు వెళ్లాల్సి వస్తుందని పొద్దున టిఫిన్ మానేశారు. మందుల షాపులో అడిగితే మొలల మాత్రలిచ్చారు. ఇంకోచోట పసరు పోశారు. వేరొకచోట ఇచ్చిన స్టిరాయిడ్ మాత్రలతో నెలలో తగ్గిపోయింది. తగ్గింది కదా అని మానేశారు. మళ్లీ వచ్చింది. మళ్లీ అవే మాత్రలు కొనుక్కున్నారు.

ఈ పదేళ్లలో ఆయన్ని ఎంతోమంది చూశారు. పేగులోకి కెమెరా పంపి చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. మేం కొలొనోస్కోపీ చేస్తే పెద్దపేగు పొడవునా పుండ్లు కనిపించాయి. ఒకచోట గడ్డ ఉంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది.

ఆ ఇల్లాలికి అప్పుడు క్లుప్తంగానే చెప్పగలిగాను. ‘‘మొలలు క్యాన్సర్‌గా మారవమ్మా. అసలు ఆయనకున్నది మొలలు కాదు. పేగులో పదేళ్లుగా నిప్పు రగులుతోంది’’ అన్నాను. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. అంతకుమించి చెప్పే తీరిక దొరకలేదు. ఆ నిప్పు ఎలా రాజుకుంటుంది, అది క్యాన్సర్ దాకా ఎలా పోతుంది, దాన్ని ఎక్కడ ఆపొచ్చు అన్నది ప్రతి ఇంట్లోనూ తెలియాల్సిన విషయం. అందుకే ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

పేగులో పెద్ద కాపురం

మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. మనతో కాపురం చేసే బ్యాక్టీరియా అంతకంటే కాస్త ఎక్కువే. సుమారు 38 లక్షల కోట్లు. అన్నీ కలిపి తూచితే 200 గ్రాములు ఉంటాయేమో. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటాయి.

బ్యాక్టీరియా అనగానే జబ్బు గుర్తొస్తుంది. కానీ వీటిలో చాలావరకు మనకు మేలు చేసేవే. మనం అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లంగా మారుస్తాయి. పెద్దపేగు లోపలి గోడలోని కణాలకు ప్రధాన ఇంధనం అదే. అంటే మనం తిన్న తోటకూర కాడ, జొన్నరొట్టె పొట్టు వృథా కావటం లేదు. బ్యాక్టీరియా చేతిలో పడి పేగు గోడకు భోజనమవుతోంది.

ఇన్ని లక్షల కోట్ల బ్యాక్టీరియాకూ మన రక్తానికీ మధ్య ఉన్న అడ్డుగోడ ఎంత మందమో తెలుసా? ఒకే ఒక్క వరస కణాలు. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి, కొత్తవి పుడుతుంటాయి. వాటి మీద జిగురు పొర ఒకటి పరచుకుని ఉంటుంది. పెద్దపేగులో ఇది రెండు వరసలు. పై వరసలో బ్యాక్టీరియా తిరుగుతాయి. గోడను అంటుకుని ఉండే లోపలి వరసలోకి మామూలుగా వాటికి ప్రవేశం లేదు.

ఈ గోడకు అవతలి వైపు కాపలా కాసేది రోగనిరోధక వ్యవస్థ. ఒంట్లోని రోగనిరోధక కణాల్లో పెద్ద వాటా పేగు చుట్టూనే ఉంటుంది. దాని పని చాలా సున్నితమైనది. టైఫాయిడ్ క్రిమి వస్తే తరిమికొట్టాలి. తిన్న పప్పన్నం మీదా, స్నేహంగా ఉన్న బ్యాక్టీరియా మీదా మాత్రం చెయ్యి ఎత్తకూడదు. ఈ నిగ్రహం నేర్పటానికి ప్రత్యేకంగా కొన్ని కణాలున్నాయి. వీటిని రెగ్యులేటరీ టి కణాలంటారు. దూకుడుగా ఉన్న మిగతా కణాలను ఇవి అదుపులో పెడతాయి. వీటి గుట్టు విప్పిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకే 2025 వైద్య నోబెల్ దక్కింది. ఇక్కడో ఆసక్తికరమైన సంగతి ఉంది. పీచు నుంచి బ్యాక్టీరియా తయారుచేసే బ్యుటిరేట్, పేగులో ఈ కణాలు పెరగటానికి తోడ్పడుతుందని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అంటే బ్యాక్టీరియా, జిగురు పొర, రోగనిరోధక శక్తి... ఈ మూడింటి మధ్య ఒక ఒప్పందం నడుస్తోందన్న మాట.

ఒప్పందం చెడితే...

కొందరిలో ఈ ఒప్పందం దెబ్బతింటుంది. జన్యువుల్లో కొంత తేడా ఉండొచ్చు. దానికి తిండి మార్పులు, చిన్నప్పటి నుంచి పదేపదే వాడిన యాంటీబయాటిక్స్, పొగతాగటం వంటివి తోడు కావొచ్చు. జిగురు పొర పలచబడుతుంది. బ్యాక్టీరియా గోడకు దగ్గరగా వస్తాయి. కాపలాదారు ఉలిక్కిపడి దాడికి దిగుతాడు. మామూలుగా అయితే గాయం మానగానే దాడి ఆగిపోవాలి. ఇక్కడ ఆగదు. దీన్నే దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ అంటాం.

ఇది పెద్దపేగు లోపలి పొరకే పరిమితమైతే అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వచ్చి, పేగు గోడ లోతుల్లోకి పాకితే క్రాన్స్ వ్యాధి. ఒకప్పుడు వీటిని పాశ్చాత్యుల జబ్బులనేవారు. ఇప్పుడు మన ఓపీల్లోనూ తరచుగా చూస్తున్నాం. ఎక్కువగా 20, 30 ఏళ్ల వయసువాళ్లే వస్తున్నారు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పేగుల్లో క్షయ అచ్చం క్రాన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. రెండిటికీ మందులు పూర్తిగా వేరు. క్షయ ఉన్నవారికి పొరపాటున స్టిరాయిడ్లు ఇస్తే అది విజృంభిస్తుంది. ఊహించి మందులు వాడకూడదని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

వాపు నుంచి క్యాన్సర్‌కు

గాయమైన చోట కొత్త కణాలు పుట్టాలి. గాయం మానకుండా ఏళ్ల తరబడి ఉంటే కణాలు ఏళ్ల తరబడి హడావుడిగా పుడుతూనే ఉంటాయి. దాడి చేస్తున్న రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు పక్కనున్న కణాల డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తాయి. హడావుడిగా నకలు రాస్తున్నప్పుడు కాగితం కూడా చిరుగుతుంటే తప్పులు దొర్లక మానతాయా? అలా పోగైన తప్పుల్లోంచి ఒకనాడు అదుపు తప్పిన కణం పుడుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లోనే అనుమానించాడు. ఎలా జరుగుతుందో తెలుసుకోవటానికి వందేళ్లకు పైగా పట్టింది.

జీర్ణాశయం విషయంలో దీనికి గట్టి సాక్ష్యం దొరికింది. అక్కడి పుండ్లకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి, జీర్ణాశయంలో వాపు తెచ్చుకుని మరీ చూపించారు. ఆయనకూ, సహచరుడు రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ట వేస్తే జీర్ణాశయ క్యాన్సర్‌కు దారితీయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ప్రకటించింది.

పెద్దపేగు కథ ఇంత సూటిగా లేదు. అక్కడున్నది ఒక్క బ్యాక్టీరియా కాదు, వందల రకాలు. 2012లో వెలువడిన ఒక ప్రయోగం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. పేగు వాపు వచ్చేలా జన్యువు మార్చిన ఎలుకలను తీసుకున్నారు. కొన్నింటి పేగులోకి ఒకరకం బ్యాక్టీరియాను, మరికొన్నింటిలోకి ఒకరకం ఈ-కొలిని పంపారు. వాపు రెండు గుంపుల్లోనూ వచ్చింది. గడ్డలు మాత్రం ఎక్కువగా ఈ-కొలి ఉన్నవాటిలోనే పెరిగాయి. కారణం ఆ ఈ-కొలి తయారుచేసే కోలిబ్యాక్టిన్ అనే విషం. ఆ విషాన్ని తయారుచేసే జన్యువులను తీసేసి మళ్లీ పంపితే, వాపు అలాగే ఉన్నా గడ్డలు తగ్గాయి. అంటే వాపు పొలాన్ని దున్ని పెడితే, ఇలాంటి బ్యాక్టీరియా అందులో విత్తనం వేస్తోంది.

ఈ విషం డీఎన్‌ఏ మీద తనదైన వేలిముద్ర వదిలిపెడుతుంది. 2025లో 11 దేశాలకు చెందిన 981 పెద్దపేగు క్యాన్సర్ల జన్యువులను పరిశీలించారు. 70 ఏళ్లు దాటాక క్యాన్సర్ వచ్చినవారితో పోలిస్తే, 40 ఏళ్లలోపే వచ్చినవారిలో ఈ వేలిముద్ర 3.3 రెట్లు ఎక్కువగా కనిపించింది. చిన్నతనంలోనే ఆ బ్యాక్టీరియా పని మొదలుపెట్టి ఉండొచ్చని పరిశోధకుల అనుమానం. ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. కానీ ‘చిన్న వయసు కదా, క్యాన్సరెందుకు వస్తుంది’ అనే ధీమాకు కాలం చెల్లిందని మాత్రం అర్థమవుతోంది. నోట్లో, చిగుళ్ల దగ్గర ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం కూడా పెద్దపేగు గడ్డల్లో కనిపిస్తోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొలైటిస్ ఉన్నవారందరికీ క్యాన్సర్ రాదు. ఎక్కువమందికి రాదు. మందులు మానకుండా వాడుతూ, పరీక్షలు చేయించుకునేవారిలో ముప్పు ఇంకా తక్కువ. అలాగే పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారిలో అత్యధికులకు కొలైటిస్ ఉండదు. వారిలో అది పాలిప్స్ అనే చిన్న పిలకల నుంచి మొదలై, సాధారణంగా పదేళ్లు ఆ పైన సమయం తీసుకుని పెరుగుతుంది. రెండు దారుల్లోనూ మనకు కలిసొచ్చేది ఆ సమయమే. రెండు దారుల్లోనూ మనం పోగొట్టుకుంటున్నదీ ఆ సమయమే.

రోగనిరోధక శక్తిని ‘పెంచటం’ కాదు

కొవిడ్ తర్వాత ఇమ్యూనిటీ పెంచుకోవాలనే మాట ప్రతి ఇంట్లో పాతుకుపోయింది. కొలైటిస్ ఉన్నవారికి ఈ మాట ప్రమాదకరం. వారిలో రోగనిరోధక వ్యవస్థ నీరసించలేదు, అతి చేస్తోంది. దాన్ని శాంతపరచటానికే మేం మందులిస్తాం. పక్కింటివాళ్లు చెప్పారని ఇమ్యూనిటీ పొడులు మొదలుపెట్టి, డాక్టరిచ్చిన మాత్రలు ఆపేస్తే నిప్పు మళ్లీ రాజుకుంటుంది.

అదే రోగనిరోధక శక్తి సరైన దారిలో పడితే ఎంత మేలు చేస్తుందో కూడా చూశాం. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి 2022లో ఒక ఫలితాన్ని ప్రకటించింది. ఒక ప్రత్యేక జన్యు లోపం వల్ల మలాశయ క్యాన్సర్ వచ్చిన 12 మందికి రోగనిరోధక కణాల కళ్లేన్ని వదిలించే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే, ఆపరేషన్, రేడియేషన్ లేకుండానే 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. ఈ జన్యు లోపం మలాశయ క్యాన్సర్ రోగుల్లో కొద్దిమందికే ఉంటుంది. కాబట్టి అందరికీ పనిచేసే మందు కాదిది. కావాల్సింది ఎక్కువ శక్తీ కాదు, తక్కువ శక్తీ కాదు, సరైన అదుపు అని చెప్పటానికే ఈ ఉదాహరణ.

కంచంలో ఏముండాలి?

పేగు బ్యాక్టీరియాను మార్చటానికి మన చేతిలో ఉన్న సులువైన సాధనం తిండి. ఎంత త్వరగా మారుతుందో 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా వచ్చే అమెరికన్ నల్లజాతీయులు 20 మంది, అది అరుదైన దక్షిణాఫ్రికా గ్రామీణులు 20 మంది రెండు వారాలపాటు తిండి మార్చుకున్నారు. అమెరికా వాళ్లు పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న ఆఫ్రికా తిండి తిన్నారు. ఆఫ్రికా వాళ్లు మాంసం, కొవ్వు ఎక్కువున్న అమెరికా తిండి తిన్నారు. రెండే రెండు వారాల్లో మొదటి గుంపులో బ్యుటిరేట్ పెరిగి, పేగు గోడలో వాపు లక్షణాలు తగ్గాయి. రెండో గుంపులో సరిగ్గా తలకిందులైంది. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు. కానీ పేగు వాతావరణం మాత్రం మారిపోతుంది.

పీచు దొరక్కపోతే బ్యాక్టీరియా పస్తుండవు. ఎలుకలకు పీచు లేని తిండి పెట్టినప్పుడు అవి పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినటం మొదలుపెట్టాయి. తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, సాయంత్రం మైదా పఫ్, రాత్రికి ఆర్డరిచ్చిన బిర్యానీ... ఇదీ నేడు చాలా ఇళ్లలో పిల్లల తిండి. ఇందులో పీచెక్కడుంది?

దీనికి ఖరీదైన పొడులు అక్కర్లేదు. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. ఇంట్లో ఒకసారి తూచి చూడండి. మనం ఎంత తక్కువ తింటున్నామో తెలుస్తుంది. కందిపప్పుతో పాటు పెసలు, అలసందలు, శనగలు కూడా వంతులవారీగా వండుకోండి. వారానికి కొన్ని రోజులైనా జొన్నరొట్టెకో, రాగిసంకటికో చోటివ్వండి. పెరుగు, మజ్జిగ మంచివే. అయితే పెరుగన్నం తింటే క్యాన్సర్ రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మద్యం, పొగాకు, ఊబకాయం, సాసేజ్‌ల వంటి ప్రాసెస్ చేసిన మాంసం... వీటికి పెద్దపేగు క్యాన్సర్‌తో ఉన్న సంబంధం మాత్రం రుజువైంది.

కొలైటిస్ ఉధృతంగా ఉన్నప్పుడు, పేగు ఇరుకైనప్పుడు ఎక్కువ పీచు ఇబ్బంది పెట్టొచ్చు. అలాంటివారు డాక్టర్ని అడిగి తినాలి.

మందుల షాపు సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు విరేచనాలైతే చాలు, చీటీ లేకుండా యాంటీబయాటిక్ జంట మాత్రలు కొని మింగటం మనకు అలవాటైపోయింది. మామూలు విరేచనాల్లో ఎక్కువ భాగం ఓఆర్ఎస్‌తోనే తగ్గిపోతాయి. అనవసరంగా మింగిన ప్రతి యాంటీబయాటిక్ మన పేగులోని మిత్రులను కూడా చంపుతుంది. అలాగే కొలైటిస్ ఉన్నవారు ఒళ్లునొప్పులకు సొంతంగా నొప్పి మాత్రలు వేసుకుంటే జబ్బు తిరగబెట్టొచ్చు. ఈమధ్య మలం నమూనా తీసుకుని బ్యాక్టీరియా జాతకం చెబుతామంటూ వేల రూపాయల పరీక్షలు అమ్ముతున్నారు. వాటి ఆధారంగా వైద్యం చేసేంత జ్ఞానం ఇంకా రాలేదు. ఆ డబ్బు దాచుకోండి. అవసరమైతే కొలొనోస్కోపీకి పనికొస్తుంది.

ఎప్పుడు ఆగకూడదు?

మలంలో రక్తం పడేవారిలో చాలామందికి మొలలో, చీలికో ఉంటుంది. నిజమే. కానీ చూడకుండా ఆ మాట అనకూడదు. ఈ లక్షణాల్లో ఏదున్నా డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

• రక్తంతో పాటు జిగురు పడటం, రక్తం మలంలో కలిసిపోయి ఉండటం.

• మూడు నాలుగు వారాలు దాటినా తగ్గని విరేచనాలు. ముఖ్యంగా రాత్రి నిద్రలోంచి లేపేవి.

• కొత్తగా మొదలైన మలబద్ధకం, మలవిసర్జన వేళల్లో మార్పు, వెళ్లొచ్చినా ఇంకా ఉందనిపించటం.

• కారణం లేకుండా బరువు తగ్గటం, విడవని జ్వరం, కడుపునొప్పి.

• మగవారిలో, నెలసరి ఆగిన ఆడవారిలో ఐరన్ లోపంతో రక్తహీనత. టానిక్కుతో సరిపెట్టకుండా రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి.

డాక్టర్ వేలితో మలద్వారం పరీక్ష చేస్తామంటే సిగ్గుపడొద్దు. నిమిషం పట్టని ఆ పరీక్షలో కొన్ని గడ్డలు దొరికిపోతాయి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో పేగులో వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. అసలు సంగతి తేల్చేది కొలొనోస్కోపీ. మత్తు ఇచ్చి చేస్తే నొప్పి పెద్దగా తెలియదు. పాలిప్ కనిపిస్తే అప్పుడే తీసేయొచ్చు. అంటే రాబోయే క్యాన్సర్‌ను ముందే తుంచేసినట్టు.

అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారు జబ్బు మొదలైన 8 ఏళ్లకు, లక్షణాలు లేకపోయినా సరే, క్యాన్సర్ కోసం కొలొనోస్కోపీ చేయించుకోవాలి. ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం చేయించుకుంటూ ఉండాలి. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే 40వ ఏట, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు... ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి. తండ్రికి 45వ ఏట వస్తే కొడుకు, కూతురు 35వ ఏటే చేయించుకోవాలి.

ప్రభుత్వం చేయాల్సింది

మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమం ఉంది. పెద్దపేగుకు లేదు. అందరికీ కొలొనోస్కోపీ చేయమని నేను అడగటం లేదు. అది మన వనరులతో అయ్యే పని కాదు. లక్షణాలున్నవారికైనా జిల్లా ఆసుపత్రిలోనే కొలొనోస్కోపీ అందాలి. క్యాన్సర్ వచ్చాక ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఆదుకుంటోంది, సంతోషం. రాకముందు పట్టుకునే పరీక్షకు అంతకంటే చాలా తక్కువ ఖర్చవుతుంది. ‘మొలలు గ్యారంటీగా నయం’ అని గోడల మీద రాసుకునేవారి మీద, చీటీ లేకుండా యాంటీబయాటిక్స్, స్టిరాయిడ్లు అమ్మేవారి మీద చట్టం ఉంది. అది అమలు కావాలి.

మా వైద్యులమూ కొంత నింద మోయాలి. కిక్కిరిసిన ఓపీలో రోగికి రెండు నిమిషాలు దొరికితే, పరీక్ష చేయటం కంటే మొలలని రాసిచ్చి పంపటం సులువు. ఆ లెక్చరర్ సంచుల్లోని కాగితాల్లో ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీలు కూడా రెండున్నాయి.

ఆయనకు పెద్దపేగు మొత్తం తీసేయాల్సి వచ్చింది. పొట్టకు సంచి పెట్టారు. తర్వాత కీమోథెరపీ ఇచ్చారు. ఇప్పుడు కాలేజీకి వెళుతున్నారు, పాఠాలు చెబుతున్నారు. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు భార్య మరో ప్రశ్న అడిగారు. ‘‘మొదటిసారి రక్తం పడ్డప్పుడే వచ్చి ఉంటే, ఈ సంచి లేకుండా ఉండేదా సార్?’’

చాలావరకు ఉండేది కాదమ్మా, మందులతోనే గడిచిపోయి ఉండేదని చెప్పాను. ఆ జవాబు చెప్పటం నాకు సులువు కాలేదు. మీ ఇంట్లో ఎవరైనా బాత్రూమ్‌లో రక్తం చూసి, సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా ఉన్నారేమో ఈ రోజే అడగండి. ఉంటే ఈ వారమే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మొలలే అని తేలితే నిశ్చింతగా ఇంటికొస్తారు. కాదని తేలితే, ఏం చేయాలన్నా చేతిలో ఇంకా సమయం ఉంటుంది.